ఆగగలిగినవాడి పంట సర్పగంధి



సర్పగంధి మోకాలెత్తు పొద. నేల బాగుండి, కొన్నేళ్ళు ముదిరితే నడుము దాకా వస్తుంది. కణుపుకు మూడేసి ఆకులు, ఎర్రని కాడల మీద గుత్తులుగా తెల్లటి పూలు, పండాక ఊదానలుపుకు తిరిగే చిన్న కాయలు. గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. మన తూర్పు కనుమల్లో, పడమటి కనుమల్లో, హిమాలయాల పాదాల దగ్గర, ఈశాన్య రాష్ట్రాల్లో, ఇంకా శ్రీలంక, మయన్మార్, థాయిలాండ్ అడవుల్లో పెద్ద చెట్ల పలుచని నీడన పెరుగుతుంది. దాని విలువంతా కంటికి కనబడని చోట, వేరులో ఉంది. ఆకు కోసుకుంటే మళ్ళీ చిగురు వేసే అడ్డసరం, వావిలి వంటి పొదలతో మనకు అలవాటైన తీరు ఇక్కడ చెల్లదు. సర్పగంధిని వాడుకోవాలంటే దాన్ని వేళ్ళతో సహా పెకిలించాల్సిందే. అందువల్ల ఈ మొక్కను ఎలా పెంచాలి అన్న ప్రశ్న, ఇది మిగలాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్న రెండూ ఒకటే అవుతాయి. దీన్ని సొంత నేలలో, విత్తనం నుంచి, వేరు ముదిరేదాకా ఆగి పెంచాలి. అడవికి వెళ్ళి తవ్వుకు రావడమూ, పెరట్లో నాలుగు మొక్కలు నాటి ఇంట్లో కషాయం కాచుకోవడమూ మొక్కకో మనిషికో చేటు చేసేవే అని ఈ ప్రసంగంలో నా వాదన.

ఈ వేరుకు ఇంత గిరాకీ ఎందుకు వచ్చిందో ముందు చూద్దాం. పిచ్చి ఉద్రేకానికి, నిద్రపట్టనితనానికి మన వైద్యులు దీన్ని చాలాకాలంగా వాడుతున్నారు. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఈ వేరు ఉన్మాదాన్ని అణచడమే కాక రక్తపోటును కూడా తగ్గిస్తోందని రాశారు. అదే ఏడాది ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఈ వేరు నుంచి కొన్ని ఆల్కలాయిడ్లను విడదీసి, వాటిలో ఒకదానికి ఆ కళాశాలను నెలకొల్పిన హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అని పేరు పెట్టారు. బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రక్తపోటు రోగుల మీద ఈ వేరును పరీక్షించి, ఫలితాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. అప్పటి నుంచి పడమటి దేశాల చూపు దీని మీద పడింది. 1952లో స్విట్జర్లాండ్ బాసెల్ నగరంలో సీబా కంపెనీ శాస్త్రవేత్తలు రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. సెర్పాసిల్ పేరుతో అది మందుల దుకాణాల్లోకి వచ్చింది. 1954లో న్యూయార్క్‌లో నాథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకు వాడి చూశారు. ఎండిన వేరులో ఆల్కలాయిడ్లన్నీ కలిపి నూటికి ఒకటిన్నర నుంచి మూడు వంతులే ఉంటాయి. అందులో రిసర్పిన్ ఇంకా చిన్న పాలు. గ్రాముల మందు కోసం బస్తాల వేరు కావాలి. భారం అడవి మీద పడిందని వేరే చెప్పక్కర్లేదు.

అడవిలో ఏమవుతుందో చూడండి. సర్పగంధి మొదటి ఏడాదిలోనే పూత పట్టినా, వేరు బలిసి, మందుకు పనికొచ్చే సారం నిండడానికి రెండున్నర ఏళ్ళ నుంచి మూడేళ్ళు పడుతుంది. ఆ మూడేళ్ళలో అది ఎన్నో సార్లు కాసి, గింజలు రాల్చి, తన చుట్టూ పిల్ల మొక్కలను నిలుపుకోగలదు. కానీ అడవిలో తవ్వేవాడికి ఆ మూడేళ్ళు ఆగే వీలు లేదు. ఏడాది మొక్క కనబడింది, ఇంకా లేతగా ఉంది, వచ్చే ఏడు తవ్వుదాం అని అతను వదిలేస్తే, సాయంత్రానికి ఆ దారినే వచ్చిన ఇంకొకరు తవ్వుకుపోతారు. ఊరుమ్మడి చెరువులో చిన్న చేపను వదిలిపెట్టినవాడికి పెద్ద చేప దక్కనట్టే ఇదీ. కనుక తవ్వేవాడిని ఆశపోతు అనడం న్యాయం కాదు. అతను తెలివిగానే ప్రవర్తిస్తున్నాడు, ఆ తెలివే మొక్కకు మృత్యువు. ఎవరికి ఆగే హక్కు ఉందో వాళ్ళ చేతిలోనే ఈ మొక్క బతుకుతుంది. తన గట్టు, తన కంచె, తన పట్టా ఉన్నవాడికే ఆ హక్కు ఉంటుంది.

చట్టం లేదా అని అడగవచ్చు. ఉంది. అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1990 నుంచి సర్పగంధి ఉంది. అడవి నుంచి తెచ్చిన వేరును విదేశాలకు పంపకుండా మన ప్రభుత్వం నిషేధం పెట్టింది, సాగు చేసినదానికి ధ్రువపత్రం ఉంటేనే అనుమతి. ఇవి అవసరమైన చట్టాలే. కాకపోతే అవి ఓడరేవు దగ్గర కాపలా కాస్తాయి, కొండ మీద కాదు. ఈ వేరు దేశంలోపలి మందుల తయారీలోనే బోలెడంత ఖర్చవుతుంది. ఎండి, ముక్కలై, గోనెసంచిలో చేరిన వేరును చూసి ఇది అడవిదా, చేనిదా అని చెప్పగలవాడు ఉండడు. చట్టం పనిచేయాలన్నా సాగు వేరు సంతలో సరిపడా ఉండాలి. అది లేనంతకాలం కొనేవాడికి అడవి వేరు తప్ప వేరే దిక్కుండదు, నిషేధం వల్ల దళారీ లాభం పెరుగుతుంది తప్ప తవ్వకం ఆగదు.

ఇక సాగు సంగతి. ఈ పంటలో రైతును మొదట ఏడిపించేది విత్తనం. గింజ చుట్టూ రాయి లాంటి పెంకు ఉంటుంది. పైకి నిండుగా కనబడే గింజల్లో చాలావాటి లోపల పిండమే ఉండదు. దానికితోడు నిల్వ ఉన్న కొద్దీ మొలిచే శక్తి వేగంగా పడిపోతుంది. కొత్త గింజల్లోనైనా సగం మొలిస్తే సంతోషించాల్సిందే, పాత గింజలైతే నూటికి పది కూడా మొలవకపోవచ్చు. అందుకని పక్వానికి వచ్చి నల్లబడిన కాయలనే కోసి, గుజ్జు పిసికి కడిగి, నీడన ఆరబెట్టి, ఆ ఏడాదే విత్తుకోవాలి. విత్తే ముందు ఒక రోజు నీళ్ళలో నానబెడితే రెండు పనులవుతాయి: పెంకు మెత్తబడుతుంది, తాలు గింజలు పైకి తేలతాయి. తేలినవాటిని జాలి లేకుండా పారబోయాలి. ఏప్రిల్, మే నెలల్లో కొంచెం నీడ ఉన్న చోట, బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన ఎత్తు మడుల్లో విత్తి, తడి ఆరకుండా చూసుకోవాలి. మొలక ఒక్కసారిగా రాదు. రెండు మూడు వారాలకు మొదలై నెల దాటినా ఒకటొకటిగా వస్తూనే ఉంటుంది. ఇరవై రోజులు చూసి మడి పాడైందని దున్నేసేవాళ్ళు ఉంటారు, ఆ తొందర ఈ మొక్కతో కుదరదు. నాలుగైదు ఆకులు వేసిన నారును జూలై, ఆగస్టుల్లో పొలంలోకి మార్చాలి.

ఇంత తిప్పలెందుకు, కొమ్మ ముక్కలో వేరు ముక్కలో నాటుకుంటే పోలేదా అనిపిస్తుంది. నాటుకోవచ్చు, నాటితే బతుకుతాయి కూడా. వేలెడు వేరు ముక్కను మట్టిలో అడ్డంగా పడుకోబెడితే మూడు వారాల్లో చిగురిస్తుంది. జానెడు కొమ్మ ముక్క వానల్లో వేళ్ళూనుతుంది. తోటలో ఒక మొక్కను నిలుపుకోవాలనుకునేవాళ్ళకు అది చాలు. పంట వేసేవాడికి చాలదు. గింజ నుంచి వచ్చిన మొక్క తల్లివేరును నిలువునా కిందికి దింపుతుంది, లావు వేరు దొరికేది అందులోనే. కొమ్మ నుంచి వచ్చినదానికి తల్లివేరు ఉండదు, పీచులాంటి వేళ్ళు పక్కలకు పాకుతాయి. రెండూ ఒకే నేలలో ఒకే కాలం పెంచి తవ్వి తూచినప్పుడు గింజ మొక్కల దిగుబడి కొమ్మ, వేరు మొక్కల దిగుబడి కంటే మూడు రెట్లకు పైగా తేలింది. మొదటి నెలల్లో మిగుల్చుకున్న శ్రమకు మూడో ఏడు చివర కాటా దగ్గర బాకీ తీర్చాల్సి వస్తుందన్నమాట. కొమ్మలతో అయ్యే ఇంకో నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒకే తల్లి నుంచి కోసిన ముక్కలన్నీ ఒకే తీరు మొక్కలు. ఒకదాన్ని పట్టిన తెగులు అన్నిటినీ పట్టగలదు. గింజ నుంచి వచ్చినవి కాస్త తేడాతో ఉంటాయి, అడవి రకంలో ఉన్న వైవిధ్యం కొంతైనా చేలో నిలుస్తుంది.

నేల విషయంలో సర్పగంధి మరీ మొండిది కాదు. సేంద్రియం ఎక్కువగా ఉండి, గుల్లగా, లోతుగా ఉన్న ఎర్ర గరప నేలలు, ఇసుక కలిసిన ఒండ్రు నేలలు దానికి ఇష్టం. నీళ్ళు నిలిచే నల్లరేగడిలో వేరు కుళ్ళుతుంది, కుళ్ళకపోయినా తవ్వేటప్పుడు ముక్కలు ముక్కలుగా విరిగి సగం భూమిలోనే ఉండిపోతుంది. దుక్కి లోతుగా దున్నడానికి కారణం కూడా ఇదే: వేరు అడుగున్నర, రెండడుగుల లోతుకు తిన్నగా దిగాలి. సాలుకు సాలుకు మధ్య అడుగున్నర నుంచి రెండడుగులు, మొక్కకు మొక్కకు మధ్య అడుగు ఎడం చాలు. పూర్తి ఎండలోనూ పెరుగుతుంది కానీ మన వేసవిని తట్టుకోలేక ఆకు రాల్చి, ఎదుగుదల నిలిపేస్తుంది. కొబ్బరి, మామిడి తోటల్లో గీతలు గీతలుగా ఎండ పడే నీడ దానికి పుట్టిల్లు. వేసవిలో పదిహేను ఇరవై రోజులకొక తడి, చలికాలంలో నెలకొకటి ఇస్తే సరిపోతుంది. మొదటి ఏడాది కలుపు తీయడం మాత్రం నిర్లక్ష్యం చేయకూడదు. పొద చిన్నగా ఉన్నప్పుడు గడ్డి దాన్ని మింగేస్తుంది, పొద కమ్ముకున్నాక గడ్డికి చోటు దొరకదు.

పూల దగ్గరే రైతుకు ఒక ఇరకాటం ఎదురవుతుంది, దాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. మొక్క సంపాదించిన పిండిపదార్థంలో కొంత కాయకు పోతుంది, మిగతాది వేరుకు. పూగుత్తులు గిల్లేస్తే వేరు బలుస్తుందని సాగు నిపుణులు చెబుతారు, అందులో తర్కం ఉంది. కానీ పూలన్నీ గిల్లేస్తే గింజ ఎక్కడి నుంచి వస్తుంది? పైన చెప్పినట్టు ఈ గింజ నిల్వకు ఆగదు, దూరం నుంచి కొని తెచ్చుకుంటే మొలక మీద నమ్మకం ఉండదు. ప్రతి రైతూ వేరు బరువు కోసమే చూసి పూలు గిల్లుకుంటూ పోతే, మూడేళ్ళ తర్వాత విత్తనం కోసం మళ్ళీ అడవికే వెళ్ళాలి. మనం తప్పించాలనుకున్న తవ్వకం వెనక గుమ్మం నుంచి తిరిగొస్తుంది. అందుచేత చేను గట్టు వెంబడి రెండు మూడు సాళ్ళను విత్తనానికని వదిలి, లోపలి సాళ్ళలో పూలు గిల్లడం మంచి పద్ధతి. వదిలిన సాళ్ళలో పొదలు బలంగా, తెగులు లేకుండా, ఆకులు వెడల్పుగా ఉన్నవి చూసి ఎంచుకోవాలి. కాయలన్నీ ఒకేసారి పండవు, కనుక వారానికోసారి నల్లబడ్డవి మాత్రం కోసుకుంటూ పోవాలి. ఇది పిల్లలైనా, వయసు మీదపడ్డవాళ్ళైనా చేయగలిగిన పని. సర్పగంధి గింజకు తనదైన ధర ఉంది. వేరు తవ్వేదాకా ఆగే రైతుకు మధ్యలో చేతికొచ్చే చిన్న రాబడి అది.

తెగుళ్ళ గురించి పెద్దగా భయపడాల్సింది లేదు. ఆకు మచ్చ వస్తుంది, మచ్చలున్న ఆకులు ఏరి తగలబెట్టి, మొక్కల మధ్య గాలి ఆడేలా చూస్తే అదుపులో ఉంటుంది. గన్నేరు మీద కనబడే పెద్ద ఆకుపచ్చ గొంగళి దీని మీదికీ వస్తుంది, చేత్తో ఏరవచ్చు. భయపడాల్సింది నేలలోని నులిపురుగుకే. అది వేళ్ళను పట్టి బుడిపెలు కట్టిస్తుంది, వేరే సరుకైన పంటలో ఆ బుడిపెలు సరాసరి నష్టం. వంగ, టమాటా, బెండ వేసి ఆ పురుగు పెరిగిన నేలలో సర్పగంధి వేయకుండా ఉండడం, దుక్కిలో వేపపిండి చల్లడం దీనికి విరుగుడు. ఈ పంటకు పురుగుమందులు కొట్టడం అనవసరమే కాదు, కొనే మందుల కంపెనీలు అవశేషాలు పరీక్షించి సరుకు తిప్పిపంపే ప్రమాదమూ ఉంది.

తవ్వకం కాలాన్ని బట్టి కూడా ధర మారుతుంది. చలికాలంలో, డిసెంబరు ప్రాంతంలో మొక్క ఆకు రాల్చి నిద్రకు సిద్ధమవుతున్నప్పుడు వేరులో ఆల్కలాయిడ్లు ఎక్కువగా ఉంటాయి. ముందురోజు పల్చగా ఒక తడి ఇచ్చి, పక్క వేళ్ళు తెగకుండా లోతుగా తవ్వి తీయాలి. ఆల్కలాయిడ్లలో చాలా భాగం వేరు బెరడులోనే ఉంటుంది. ఇది గుర్తుంచుకోనివాళ్ళు వేరు తెల్లగా, శుభ్రంగా కనబడాలని రుద్ది రుద్ది కడుగుతారు, అసలు సరుకును మురికి నీళ్ళతో పాటు పారబోస్తారు. మట్టి పోయేలా మెల్లగా కడిగి, నీడన గాలికి ఆరబెట్టి, విరిస్తే టప్పున విరిగేంత ఎండాక, తేమ తగలని సంచుల్లో కట్టాలి. మూడేళ్ళ కష్టం ఈ ఒక్క వారం పనిలో నిలవనూవచ్చు, పోనూవచ్చు.

సాగు మీద వచ్చే అభ్యంతరాలు కొన్ని బలమైనవే. అడవి వేరుకున్న గుణం చేని వేరుకు రాదన్నది పాత నమ్మకం, వైద్యుల్లోనూ ఉంది. ఈ మాటలో నిజం లేకపోలేదు. నీళ్ళు, ఎరువు దండిగా పోసి ఏడాదిన్నరకే ఉబ్బించి తవ్విన వేరు పలుచనగానే ఉండవచ్చు. అయితే అది చేని దోషం కాదు, తొందర దోషం. వేరులో సారం దాని వయసును బట్టి, తవ్విన కాలాన్ని బట్టి, ఏ ప్రాంతపు రకమన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ మూడూ చేలో మన చేతిలో ఉంటాయి. అడవి నుంచి వచ్చిన సంచిలో ఏ వేరు ఏ వయసుదో, ఎప్పుడు తవ్వినదో తెలియదు. అది పూర్తిగా సర్పగంధేనా అన్నదీ అనుమానమే. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి మన ఊళ్ళలో కంచెల పక్కన కలుపులా పెరిగే దీని దాయాది మొక్క ఒకటుంది. దాని ఆకులు కణుపుకు నాలుగేసి, అవీ చిన్నా పెద్దగా వస్తాయి. ఆ వేరును సర్పగంధిలో కల్తీ చేయడం వ్యాపారంలో అందరికీ తెలిసిన రహస్యం. అందులో కూడా ఆల్కలాయిడ్లు ఉంటాయి, కానీ పాళ్ళు వేరు. మోతాదు తేడా వస్తే ప్రాణం మీదికొచ్చే మందులో సరుకు ఎవరి చేలో, ఏ గింజ నుంచి పుట్టిందో తెలిసి ఉండడమే నాణ్యతకు మొదటి మెట్టు.

రక్తపోటుకు ఇప్పుడు డాక్టర్లు రిసర్పిన్ రాయడం లేదు కదా, 1956లోనే అమెరికా రసాయన శాస్త్రవేత్త వుడ్‌వర్డ్ దాన్ని ప్రయోగశాలలో తయారు చేసి చూపాడు కదా, ఇక వేరు ఎవరికి కావాలి అని ఇంకొందరు అడుగుతారు. ఆధునిక వైద్యంలో రిసర్పిన్ బాగా వెనకబడ్డ మాట వాస్తవం. కానీ ఆయుర్వేదం, యునానీ పూర్తి వేరునే వాడతాయి, ప్రయోగశాల పొడి వాటికి పనికిరాదు. అజ్మలిన్‌ను గుండె లయ లోపాల్లో ఒకటైన బ్రుగాడా జబ్బును బయటపెట్టే పరీక్షలో నేటికీ వాడుతున్నారు. గిరాకీ ఉంది. అది వరి, పత్తి లాంటి గిరాకీ కాదు, కొనేవాళ్ళు కొద్దిమంది, ధర ఏటేటా ఊగుతుంది. కనుక కొనేవాడితో ముందు మాట కాకుండా ఎకరాలకు ఎకరాలు వేయమని చెప్పేవాడిని నమ్మకండి. ముఖ్యంగా మొక్కలమ్మి, వేరు తామే తిరిగి కొంటామని చెప్పే వ్యాపారుల కాగితాలు నలుగురికి చూపించి మరీ సంతకం పెట్టండి. తెలిసిన మూలం నుంచి విత్తనం, సలహా కావాలంటే లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థకు హైదరాబాదు బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. జాతీయ ఔషధ మొక్కల బోర్డు 2000లో ఏర్పడింది, దాని పథకాలు రాష్ట్ర బోర్డుల ద్వారా అందుతాయి.

మూడేళ్ళు ఆగడం బక్క రైతుకు సాధ్యమా అన్నది అన్నిటికంటే గట్టి ప్రశ్న. అడవి వేరు మీద నాలుగు రూపాయలు చూసే గిరిజనుడి నోటి దగ్గర కూడు లాగి, మైదానపు తోటల ఆసామికి పెట్టమంటారా అని దీన్ని ఇంకాస్త పదునుగా అడగవచ్చు. ముందు రెండో మాటకు జవాబు. ఆ అడవి వేరు ఇప్పటికే తరిగిపోతోంది, రేపు తవ్వడానికి ఏమీ మిగలకపోతే మొదట నష్టపోయేది అతనే. అటవీ హక్కుల చట్టం వచ్చాక ఏజెన్సీలో ఎన్నో కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. అంటే అడవిలో లేని ఆగే హక్కు ఆ చెక్కల్లో వాళ్ళకు ఉంది. ఆగడం వాళ్ళకు కొత్త కూడా కాదు. పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ వేసి, తొలి కాపుకు మూడు నాలుగేళ్ళు కాచుకున్న రైతులు వాళ్ళు, నీడ కింద పంట తీయడం వాళ్ళకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. మైదానంలో సైతం సర్పగంధి ఒక్కటే పంటగా వేయాల్సిన పని లేదు. మొదటి ఏడాది సాళ్ళ మధ్య ఖాళీలో వానాకాలం పప్పుధాన్యాలు, చలికాలం ఉల్లి, వెల్లుల్లి వేసుకోవచ్చు. కొబ్బరి తోటలో అయితే కొబ్బరి రాబడి ఉండనే ఉంది. పావెకరంతో మొదలుపెట్టినవాడు ఏటా ఇంకో పావెకరం నాటుకుంటూ పోతే, మూడో ఏడు చివరి నుంచి ఏడాదికొక ముక్క తవ్వకానికి వస్తుంది. కౌలు రైతుకు మాత్రం ఈ పంట వద్దు. ఏడాదికోసారి మారే కౌలు మీద మూడేళ్ళ వేరును నాటడం అతనికి పెద్ద జూదం.

ఇక పెరటి వైద్యం. సర్పగంధి గొప్ప మందు కనుక ఇంట్లో నాలుగు మొక్కలుంటే బీపీ మాత్రల ఖర్చు తప్పుతుందన్న ప్రచారం గట్టిగానే ఉంది. ఇది తులసి కాదు, అల్లం కాదు. రిసర్పిన్ మోతాదు రోజుకు మిల్లీగ్రాములో పదో వంతు నుంచి పావు వంతు. ఇంటి కత్తిపీట మీద తరిగిన వేరు ముక్కలో అది ఎంతుందో ఎవరూ కొలవలేరు. అది మెదడులో, నరాల కొసల్లో నిల్వ ఉన్న రసాయనాలను ఖాళీ చేసి పనిచేస్తుంది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి, ఎల్-డోపా ఇచ్చాక మళ్ళీ లేచాయి. పార్కిన్సన్ వ్యాధికి ఇప్పుడున్న చికిత్సకు ఆ ప్రయోగం దారి తీసింది, 2000లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కుందేలును పడగొట్టగల శక్తి మనిషి మీదా పనిచేస్తుంది. రక్తపోటు మరీ పడిపోవడం, ముక్కు దిబ్బడ, కడుపులో పుండు రేగడం, అన్నిటికీ మించి మనసు కుంగిపోవడం దీని దుష్ఫలితాలు. ఆ కుంగుబాటు వెంటనే రాదు, వారాల మీద మెల్లగా ముసురుకుంటుంది. వేరు వాడటం ఆపేశాక కూడా దాని ప్రభావం రోజుల తరబడి పోదు. గర్భిణులు, ఇప్పటికే బీపీకో మనోవ్యాధికో మందులు వాడుతున్నవాళ్ళు దీని జోలికే పోకూడదు. పాముకాటుకు ఇది విరుగుడన్నది, ఇంటి చుట్టూ నాటితే పాములు రావన్నది ఆధారం లేని నమ్మకాలు. కాటు పడితే వేరు నూరుతూ కూర్చున్న ప్రతి నిమిషమూ ప్రాణానికి ముప్పే, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. వైద్య పద్ధతి ఏదైనా సరే, అర్హత ఉన్న వైద్యుడు చూసి, కొలిచి ఇచ్చినప్పుడే ఇది మందు. పెరట్లో ఒక మొక్కను దాని పూల కోసమో, గింజ నిలపడం కోసమో పెంచుకుంటే అభ్యంతరం లేదు, వేరును మాత్రం ముట్టకుండా ఉంటే చాలు.

పంట వేయదలచినవాళ్ళు మరిచిపోయేది ఒకటుంది. చేలో పండిన వేరుకు, అడవిలో తవ్విన వేరుకు తేడా చూపేది కాగితమే. ఆ కాగితం తవ్విన రోజున పుట్టించడం కష్టం. నారు నాటిన వారంలోనే ఎంత విస్తీర్ణం, విత్తనం ఎక్కడిది, ఎప్పుడు నాటారు అన్న వివరాలతో ఉద్యాన శాఖ దగ్గర, అడవి అంచు గ్రామాలైతే అటవీ శాఖ దగ్గర కూడా, నమోదు చేయించి రసీదు తీసుకోండి. విత్తనం కొన్న బిల్లును దానికి జతచేయండి. ఏటా ఒకసారి చేను ఫొటో తీసి తేదీతో దాచండి. మూడో డిసెంబరులో సంచులు లారీ ఎక్కేటప్పుడు దారిలో ఆపి అడిగినవాళ్ళకు చూపించడానికి, ఎగుమతిదారుకు ధ్రువపత్రం ఇప్పించడానికి అవే పనికొస్తాయి.